మోకులో అతుకులు

ప్లూటో ఉపగ్రహం కేరన్‌కు కొత్తగా వచ్చినవాళ్లంతా మొదటి వారం ఒకటే పని చేస్తారు. కిటికీ దగ్గర కూర్చుని ప్లూటో ఎప్పుడు కుంగుతుందా అని చూస్తారు. అది కుంగదు. భూమ్మీద కనిపించే చందమామకు పద్నాలుగింతల వెడల్పుతో మా పోగులపేట నడినెత్తిన ఎప్పుడూ అక్కడే ఉంటుంది. వారం తిరిగేసరికి వాళ్లకు విసుగొచ్చి కిటికీ తెర దించేస్తారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి అది ఎందుకు కదలదని అడుగుతారు.

నేను వాళ్లకు ఆడపిల్లల ఆట ఒకటి గుర్తు చేస్తాను. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని, మొహాలు చూసుకుంటూ గిర్రున తిరుగుతారు కదా, ఇదీ అంతే. తిరిగేవాళ్లకు చుట్టూ ఉన్న లోకమంతా తిరుగుతుంది గాని ఎదుటి మొహం కదలదు. ఒక పిల్ల బొద్దుగా, ఇంకో పిల్ల బక్కగా ఉంటే ఆ తిరుగుడుకు నడిమి చోటు బొద్దుపిల్ల వైపు జరుగుతుంది. మన భూమి మరీ బొద్దు కాబట్టి చందమామతో తిరిగేటప్పుడు ఆ నడిమి చోటు భూమి కడుపులోనే పడుతుంది. ప్లూటో అంత బొద్దూ కాదు, కేరన్ అంత బక్కా కాదు. అందుకే వీటి నడిమి చోటు ప్లూటో నేలకు తొమ్మిది వందల కిలోమీటర్ల పైన, ఏమీ లేని ఖాళీలో పడింది. ఆ ఖాళీ చుట్టూ రెండూ ఆరు రోజుల తొమ్మిది గంటలకు ఒక చుట్టు వేస్తాయి.

ఒకదాని మొహం ఒకటి తప్పించుకోదు గనుకనే ఈ రెంటి మధ్యా మోకు కట్టగలిగాం. నేల నుంచి నేలకు పదిహేడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. వెయ్యి కార్బన్ పోగులు కలిపి అల్లిన మోకు అది. దాని మీద బండ్లు పాకుతూ ప్లూటో నుంచి నత్రజని మంచు తెస్తాయి. మేం పీల్చే గాలిలో ముప్పాతిక భాగం, మా తోటకూర మళ్లకు పడే ఎరువు అదే. ఒక్కో బండికి నాలుగు రోజుల ప్రయాణం.

నా పేరు చిలువేరు పాండురంగం. మోకు బిగువు చూసే గదిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పని అంటే పెద్దగా ఏమీ లేదు, ఒక ముల్లు వైపు చూస్తూ కూర్చోవడం. మా ఆవిడ సులోచన నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే, కూర్చున్నందుకు జీతం ఇచ్చే ఉద్యోగం అని చెబుతుంది. ఆవిడకు ఆ మాట అనే హక్కుంది. ఆ మోకు నేసిన పద్నాలుగు మంది ఆడవాళ్లలో ఆవిడ ఒకతి. సిరిసిల్ల నుంచి మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది ఆవిడ వేళ్లే గాని నా చదువు కాదు. మా అమ్మాయి జ్వాల ఇక్కడే పుట్టింది, ఇప్పుడు మోకు మీద బండి నడుపుతుంది. అమ్మ నేసిన మోకు మీద తిరుగుతున్నానని ప్లూటో మీది కుర్రవాళ్లందరికీ గొప్పలు చెప్పుకుంటుంది.

పుస్తకాల్లో ఈ రెంటి తిరుగుడు దారి నిండు గుండ్రమని రాసి ఉండేది. మోకు కట్టాకనే అది కాదని తేలింది. ప్రతి చుట్టులోనూ అవి కిలోమీటరున్నర మేర ఎడంగా జరిగి, మళ్లీ దగ్గరకొస్తాయి. దుర్భిణిలో ఎవరికీ కనపడని తేడాను మోకు మొదటి వారంలోనే మాకు చెప్పింది. అందుకని మా వైపు కొసన పెద్ద చక్రం ఒకటి పెట్టారు. దూరం పెరిగితే అది మోకు వదులుతుంది, తగ్గితే చుట్టుకుంటుంది. మా వాళ్లు దాన్ని రాట్నం అంటారు. ఇంజనీర్లు పెట్టిన పేరు వేరే ఉంది గాని అది ఇప్పుడు వాళ్లకు కూడా గుర్తులేదు.

ఆ మంగళవారం పొద్దున రాట్నం ఎనిమిది వందల మీటర్లు వదిలిన చోట ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడింది. అక్కడే గత మూడు చుట్లలోనూ కదిలింది, కాని ఈసారి కదలిక రెట్టింపు. జ్వాల బండి ప్లూటో నుంచి బయల్దేరి అప్పటికి పదిహేను గంటలైంది. మా చీఫ్ ఇంజనీరు కామేశ్వరి గారికి చూపించాను. కాకినాడ నుంచి వచ్చిన మనిషి, తొందరపడి మాట అనదు. ఆ చోట రాట్నం పట్టేస్తోందేమో, కీళ్లు వదులు చేసి ఇంకా తేలిగ్గా తిరగనిద్దామని చెప్పింది. నాకూ అదే సబబనిపించింది. సాయంత్రం కల్లా చేద్దామనుకున్నాం.

మధ్యాహ్నం ఇంట్లో తింటూ సులోచనకు ఈ సంగతి చెప్పాను. ఊరికే, ఆఫీసు ముచ్చట చెప్పినట్టు చెప్పాను. ఆవిడ చేతిలో రొట్టెముక్క కంచంలో పెట్టేసింది.

“ఎన్ని మీటర్ల కాడ?”

“ఎనిమిది వందలు.”

“అది మేము ఆఖరి మూడు దినాలు నేసింది,” అంది. “రాట్నం వదులు చెయ్యొద్దని చెప్పుపో. గా నేతల అతుకులున్నయ్.”

అతుకులేమిటని అడిగాను. మోకులో అతుకులు లేవు, ఉండకూడదు. అల్లే యంత్రంలో పోగు తెగితే యంత్రం ఆపాలి, తెగిన చోట ఎర్ర చీటీ కట్టాలి, కొలిమి మనిషిని పిలవాలి. అతను ఆ రెండు కొసల్నీ కరిగించి ఒకటి చేయడానికి సగం రోజు పడుతుంది. రూలు అది. ఆ రూలు గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉండేది.

సులోచన చెప్పిందంతా విన్నాక నాకు అర్థమైంది, ఆ రూలు రాసినవాడికి నేతగాళ్లు తెలియరని. మా ఇళ్లల్లో మగ్గం ఆపడమంటే పరువు తక్కువ. పోగు తెగని నేత ఉండదు, కాని తెగిన పోగును బట్ట మీద కనపడనిచ్చిన నేతగాణ్ని నలుగురూ నవ్వుతారు. కొసలు రెండూ బొటనవేలి కింద మెలేసి, కొంచెం తడి చేసి, అడ్డపోగు మోసే నాడె మళ్లీ తిరిగొచ్చేలోపు అతికెయ్యాలి. వేలు పెట్టి తడిమినా తెలియకూడదు. నాలుగు తరాలుగా అదే మంచితనం, అదే పనితనం. కార్బన్ పోగుకు ఉమ్ము తడి పనికిరాదు గాబట్టి వీళ్లు చుక్క జిగురు వాడారు. పద్నాలుగు మందీ ఆ పని చేశారు, ఎవరికి వారే, పక్కవాళ్లకు తెలియకుండా. ఎర్ర చీటీ కట్టడమంటే నాకు నేత రాదని మెడలో బోర్డు వేసుకోవడమే వాళ్ల లెక్కలో. ఆ ఆఖరి మూడు రోజులు పైనుంచి తొందర ఎక్కువైంది, యంత్రం వేగం పెంచారు, పోగులు మరీ తెగాయి. ఒక్క చీటీ కూడా పడలేదని అప్పుడు సభ పెట్టి మెచ్చుకున్నారు. అన్ని వేల కిలోమీటర్లలో ఒక్క పోగూ ఎందుకు తెగలేదని మెచ్చుకున్న పెద్దమనుషులెవరూ అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు.

నేను కంచం ముందునుంచి లేచి పరుగెత్తాను. కామేశ్వరి గారు కేకలేయలేదు. సులోచనను పిలిపించి, పాత పోగుల కట్ట ఒకటి తెప్పించి, అతుకు వేసి చూపించమంది. మా ఆవిడ అద్దాలు కూడా పెట్టుకోకుండా వేసింది. నేను రెప్ప వేసి తెరిచేలోపు అయిపోయింది. ఆ పోగును యంత్రానికి బిగించి లాగారు. అతుకు చెక్కుచెదరలేదు, మామూలు పోగు ఎంత బరువుకు తెగుతుందో ఇంచుమించు అంత బరువు దాకా నిలబడింది. ఇంకో అతుకును చిన్న చక్రం మీద వేసి మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. తొమ్మిది వందల మడతల దగ్గర నూగు లేచింది. వెయ్యిన్నీ నలభై రెండో మడతకు టప్పున విరిగింది.

తొమ్మిదేళ్లలో మోకు ఐదు వందల పదిహేను చుట్లు చూసింది. చుట్టుకు రెండు మడతలు, రాట్నం వదిలేటప్పుడొకటి, చుట్టుకునేటప్పుడొకటి. ఈ లెక్క చేయడానికి గదిలో ఎవరికీ కాగితం అక్కర్లేకపోయింది.

“గుంజితే ఆగుతదమ్మా,” అంది సులోచన నేల చూస్తూ. “మడిస్తే ఇరుగుతది. మా చీరలు మడతల మీదనే చిరుగుతయ్.”

అప్పటికప్పుడు రాట్నం కదలకుండా బిగించేశారు. వదులు చేద్దామనుకున్న చక్రాన్నే అలా కట్టిపడేశాం. ఆవిడ నోరు విప్పకపోయి ఉంటే ఆ సాయంత్రమే మోకు పోయేది. ఇక రాట్నం వదలదు కాబట్టి ఆ రెండూ ఎడంగా జరిగినకొద్దీ మోకు సాగాలి. గురువారం సాయంత్రం ఐదింటికి దూరం అన్నిటికంటే ఎక్కువ. ఆ గంట గడిస్తే బతికినట్టే. కామేశ్వరి గారు రాత్రంతా లెక్కలు కట్టి ఒక అంకె తెచ్చింది. రాట్నం మీద మడతపడే ఆ ఆఖరి మూడు రోజుల నేతలో, వెయ్యి పోగుల్లో మూడు వందల లోపు అతుకులుంటే మోకు ఆగుతుంది. దాటితే ఆగదు. ఎన్ని ఉన్నాయో ఏ రికార్డులోనూ లేదు, ఆడవాళ్ల వేళ్లకే తెలియాలి.

ఇక్కడ బండి సంగతి చెప్పాలి. మోకును పట్టుకునే దాని ఉక్కు పట్లు ముందుకే పాకుతాయి, బండిని వెనక్కి తిప్పాలంటే ఏదో ఒక కొస చేరాల్సిందే. ప్లూటో లాగుడూ కేరన్ లాగుడూ, తిరుగుడు విసురూ సరిసమానమై బండికి బరువే లేకుండా పోయే చోటు ఒకటి మోకు మీద ఉంది. మేం దాన్ని కాటా అంటాం. కొత్తవాళ్లు రెండు లోకాలు దేని చుట్టూ తిరుగుతాయో ఆ నడిమి చోటూ, ఈ కాటా ఒకటేననుకుంటారు. కాదు. అది ప్లూటోకు దగ్గర, ఇది మాకు దగ్గర, ఐదు వేల మూడు వందల కిలోమీటర్ల పైన. జ్వాల గురువారం పదకొండింటికి కాటా చేరుతుంది. అక్కడ బండి ఆపి, మోకు వదిలేస్తే ఎటూ పడిపోకుండా చాలాసేపు తేలుతుంది. మరెక్కడ వదిలినా ఏదో ఒక లోకం మీద పడుతుంది. వదలకుండా ఉండి మోకు తెగితే, తెగిన మోకు బండిని కూడా లాక్కుని ప్లూటో మీదికి పోతుంది. కాని వదిలేస్తే ఇంకో చిక్కుంది. బండికి వేడి మోకులోంచే వస్తుంది. బ్యాటరీ ఆరు గంటలే. ఆలోగా ఇక్కడినుంచి పడవ, అంటే మా చిన్న రాకెట్టు, వెళ్లి తెచ్చుకోవాలి. మాకున్నది ఒకే ఒక్క పడవ, దాని పంపును ఊపిరి గాలి తిప్పే మిల్లులో బిగించి ఉంచాం. దాన్ని విప్పి పడవకు వేయడానికి పూర్తిగా ఒక రోజు. ఆ రోజంతా నాలుగు వందల మంది, అందులో పసిపిల్లలు, పలచటి గాలి పీల్చాలి. అందుకే అవసరమైతేనే విప్పాలి. అవసరమా కాదా అన్నది ఆడవాళ్లు చెప్పే అంకె మీద ఉంది.

బుధవారం పొద్దున నేత హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. ఇప్పుడు అందులో బడి నడుస్తోంది, పిల్లలకు సెలవిచ్చారు. ఆ చిన్న బల్లల మీద పదముగ్గురు ఆడవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. బాలమణి పోయి రెండేళ్లయింది, ఆమె బదులు ఆమె భర్త ఐలయ్య వచ్చాడు. కామేశ్వరి గారు బల్ల మీద రేడియో పెట్టింది. దాని పచ్చ దీపం వెలుగుతోంది, అంటే జ్వాల బండికి లైను కలిసి ఉన్నట్టు. ప్రాణం ఆ అమ్మాయిదండీ, మనమేం మాట్లాడుకున్నా ఆమె వినాలి, అంది. అది న్యాయమే. ఆ న్యాయమే మా కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు.

ఎవరి అంకె వారు పైకి చెప్పాలి. ఎవరికీ శిక్ష ఉండదని కామేశ్వరి గారు ముందే మాటిచ్చింది. వాళ్లు భయపడింది శిక్షకు కాదు. మొదటామె నోరు తెరవడానికి పది నిమిషాలు పట్టింది. ఇరవై రెండు, అంది. పక్కామె వెంటనే తల తిప్పి చూసింది, నీకూ తెగాయా అన్నట్టు. ఆమెవి పంతొమ్మిది. ఆ తర్వాత ఇరవై ఆరు, పద్నాలుగు, ముప్పై ఒకటి. ముప్పై ఒకటి చెప్పినామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తొమ్మిదేళ్లు పక్కపక్కనే కూర్చుని, ఒకరి పిల్లలకు ఇంకొకరు అన్నం పెట్టి, ఈ ఒక్కటీ దాచుకున్నారు. వేసిన ప్రతి అతుకూ వాళ్లకు గుర్తుంది, ఏ పూట వేసిందీ గుర్తుంది. ఐలయ్య లేచి నిలబడి, ఇరవై మూడని చెప్పాడు. బాలమణి రోజూ ఇంటికొచ్చి ఆ రోజు ఎన్ని వేసిందో అతనికి చెప్పేదట. నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. మా ఆవిడ నాకెప్పుడూ ఒక్కటీ చెప్పలేదు.

సులోచన వంతు ఆఖరున వచ్చింది. ఆవిడ రేడియో దీపం వైపు ఒకసారి చూసి, “ఆరు,” అంది.

హాల్లో గుసగుస లేచింది. అంత తొందరలో ఆరేనా అని ఆశ్చర్యం, కొంచెం అసూయ, కొంచెం గౌరవం. సిగ్గు విడిచి చెబుతున్నాను, కన్నబిడ్డ ఆ మోకు మీద వేలాడుతున్న ఆ పూట కూడా నా ఛాతీ ఒక అంగుళం ఉబ్బింది. మొత్తం రెండు వందల డెబ్బై నాలుగు. కామేశ్వరి గారు రెండుసార్లు కూడి ఊపిరి వదిలింది. పంపు విప్పనవసరం లేదు, జ్వాల ఎక్కడా ఆగకుండా వచ్చెయ్యొచ్చు. రేడియోలోంచి ఏ జవాబూ రాలేదు, తర్వాత మళ్లీ పిలిచి చెబుతానంది కామేశ్వరి గారు. ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడ్చుకుంటూ ఇళ్లకు పోయారు.

ఆ రోజంతా సులోచన ఏమీ తినలేదు. బిడ్డ కోసం ఆందోళన అనుకుని నేను బతిమాలలేదు, నాకూ ముద్ద దిగలేదు. బిగువు గదిలో ముల్లు గంట గంటకూ వెంట్రుకవాసి పైకి జరుగుతోంది. గురువారం పొద్దున ఎనిమిదింటికి నేను డ్యూటీకి చెప్పులేసుకుంటుంటే ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఆరు కాదు.”

నాకు అర్థం కాలేదు.

“నలభై ఒకటి,” అంది.

నా చెయ్యి లేచింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ లేవని చెయ్యి. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించాను. ఎందుకని అడగడానికి కూడా టైము లేదు. రెండు వందల డెబ్బై నాలుగులోంచి ఆరు తీసి నలభై ఒకటి కలిపితే మూడు వందల తొమ్మిది. దారిలో పరుగెత్తుతూ వేళ్ల మీద నాలుగుసార్లు లెక్కపెట్టాను, ఒక్కసారైనా తప్పు రాకపోతుందా అని.

కామేశ్వరి గారు నా మొహం చూసి కుర్చీలోంచి లేచింది. ఎవరన్నారు, ఎందుకన్నారు అని ఒక్క ప్రశ్న వేయలేదు. ముందు పంపు విప్పమని మనుషులను పంపింది, తర్వాత జ్వాలను పిలిచింది. లెక్క మారిందనీ, మూడు వందలు దాటిందనీ, కాటా దగ్గర మోకు వదిలెయ్యాలనీ చెప్పింది. పడవ మర్నాడు మధ్యాహ్నం గాని రాలేదని కూడా దాచకుండా చెప్పింది.

“బ్యాటరీ ఆరు గంటలే కద మేడం,” అంది జ్వాల.

“అవునమ్మా. తర్వాత నీ సూటే దిక్కు. చేతులూ కాళ్లూ కదుపుతూ ఉండు. నిద్రపోవద్దు.”

“సరే,” అంది మా పిల్ల. “బాపూ, అమ్మకు ఇప్పుడే చెప్పకు.”

ఆమె అమ్మ నా వెనకే, తలుపు దగ్గర నిలబడి ఉంది.

పదకొండుంపావుకు బండి కాటా దగ్గర ఆగింది. జ్వాల మోకును పట్టుకున్న ఉక్కు పట్లు ఒక్కొక్కటే విప్పుతూ మాకు లెక్క చెప్పింది. ఎనిమిదోది విప్పి, గాలిసీసా రెండు బుసలు కొట్టించి, మోకుకు పక్కగా జరిగింది. సాయంత్రానికి ఏడు కిలోమీటర్ల ఎడంగా తేలుతోంది. తెగిన మోకు కొరడాలా వచ్చి తగలకుండా అంత దూరం చాలని కామేశ్వరి గారు అంది. చాలుతుందో లేదో ఆవిడకూ తెలియదు. అదివరకు ఎవరూ చూసింది కాదు.

నాలుగున్నర నుంచి ముల్లు వణకడం మొదలైంది. ఒక పోగు తెగితే ఒక వణుకు. మొదట నిమిషానికొకటి, తర్వాత ఆగకుండా. నా పక్కన సులోచన నిలబడి పెదవులు కదుపుతోంది, దేవుణ్ని మొక్కుతుందనుకున్నాను. తెగుతున్న పోగులను లెక్కపెడుతోంది. ఐదుకు ఇంకా ఆరు నిమిషాలుందనగా ముల్లు సున్నాకు పడిపోయింది. కాళ్ల కింద నేల ఒక్కసారి కదిలి ఊరుకుంది.

“బాపూ,” అంది రేడియోలో జ్వాల. “మోకు పోతున్నది.”

చాలాసేపు అది పోతూనే ఉందట, ఆమె కిటికీ ముందునుంచి, చప్పుడు లేకుండా. ఆ తర్వాత బ్యాటరీ మిగుల్చుకోవడానికి రేడియో ఆపేస్తానంది. మేం ఆపేయమన్నాం.

ఆ తర్వాతి పంతొమ్మిది గంటల గురించి రాయడం నా వల్ల కాదు. ఊళ్లో గాలి పలచబడి పసిపిల్లలు ఊరికే ఏడ్చారు. పదముగ్గురు ఆడవాళ్లూ మిల్లు దగ్గరకొచ్చి, మగవాళ్లతో సమానంగా పంపు గొట్టాలు మోశారు. మోస్తూ ఆయాసపడి కూలబడ్డారు, లేచి మళ్లీ మోశారు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పడవ లేచింది. పన్నెండుంపావుకు మనిషి బతికే ఉందని కబురొచ్చింది. నేను బిగువు గదిలో, చూడ్డానికి ఇక బిగువంటూ లేని ఆ ముల్లు ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాను.

సూటు ఎడమ చేతి తొడుగులో వేడినిచ్చే తీగ ఒకటి ముందే చెడిపోయి ఉందట. జ్వాల ఎడమ చేతికి మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. పడవ పని బుధవారమే మొదలుపెట్టి ఉంటే, బండి బ్యాటరీ అయిపోకముందే పడవ కాటా చేరేది. ఆ రాత్రికే ఇల్లు చేరే బిడ్డ ఒక పగలూ ఒక రాత్రీ ఆ చలిలో ఉండేది కాదు. ఇది నాకు తెలుసు, కామేశ్వరి గారికి తెలుసు, సులోచనకు తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఊళ్లో అనాల్సిన మాటలు అన్నారు. మోకు మళ్లీ నేయాలంటే ఏడేళ్లు, అంతదాకా నత్రజని ఓడల్లో రావాలి. పద్నాలుగు కుటుంబాలతో కొందరు మాట్లాడడం మానేశారు. సులోచన వాటిని పట్టించుకోలేదు. పొద్దున లేచి ఆసుపత్రికి పోయి, నర్సును పక్కకు జరగమని, బిడ్డ చేతికి తనే కట్టు మార్చేది. ఆ పని ఎవరినీ చేయనివ్వలేదు.

పదో రోజో పదకొండో రోజో జ్వాల మామూలుగా అడిగింది, లెక్క మూడు వందలు దాటితే పడవను ముందు రోజే ఎందుకు తయారు చేయలేదని. నేను కుర్చీలో ఇటు జరిగి అటు జరిగాను. మాట మారుద్దామని నోరు తెరిచాను గాని సులోచన నాకా అవకాశం ఇవ్వలేదు.

“నా మూలంగ. నావి నలభై ఒకటి. అందరి ముంగట ఆరని చెప్పిన.”

“ఎందుకమ్మా?”

సులోచన కట్టు విప్పుతూనే ఉంది. “లైను కలిసుండె బిడ్డా. దీపం ఎలుగుతుండె. నువ్వు ఇంటున్నవని.”

జ్వాల దిండు మీంచి లేచి కూర్చుంది.

“నేను ఇనలే అమ్మా,” అంది. “ముందు రాత్రంత బండిల నిద్రలేదు. పొద్దున సౌండు బంద్ జేసి పండుకున్న. లేచేసరికి మాపటేళ అయింది. మేడం మళ్ల పిలిచి మొత్తం లెక్క చెప్పింది, గంతే. ఎవలవి ఎన్నో నాకు ఎవ్వలు చెప్పలే.”

సులోచన చేతిలో కట్టుగుడ్డ ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. బిడ్డ చేతికి మిగిలిన ఆ రెండు వేళ్లనూ పట్టుకుని అలాగే కూర్చుంది. జ్వాల వాటిని వెనక్కి తీసుకోలేదు.